శిరస్తాదారు దగ్గర ఆగిపోయిన నిచ్చెన

చదువు అబ్బని పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు కోప్పడేటప్పుడు తెలుగిళ్ళలో ఒకప్పుడు తరచూ వినపడే మాట ఒకటుండేది: ‘నీకు బిళ్ళ బంట్రోతు ఉద్యోగం కూడా రాదురా!’ బిళ్ళ అంటే కచ్చేరీ పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ. భుజం మీంచి నడుం దాకా ఏటవాలుగా వేసుకునే డవాలాకు దాన్ని తగిలించుకుని, దొరగారి గది గుమ్మం దగ్గర నిలబడేవాడు బిళ్ళ బంట్రోతు. సర్కారు కొలువులో అంతకంటే కిందిమెట్టు లేదు. అదే మనిషి సమను పట్టుకుని పల్లెలోకి దిగితే మాత్రం, అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఆ ఇత్తడి తళుకు చూసి లేచి నిలబడేవాళ్ళు.

బంట్రోతు మీద డఫేదారు. ఆ పైన గుమాస్తాలు, మున్షీలు. తాలూకా కచ్చేరీలో పేష్కారు, తహశీల్దారు. జిల్లా కచ్చేరీకి, అంటే హుజూరు కచ్చేరీకి వెళితే నాయబు శిరస్తాదారు, అందరి మీదా హుజూరు శిరస్తాదారు. కడపలో పుట్టినవాడు ఎంత బుద్ధిమంతుడైనా, ఎన్ని భాషలు వచ్చినా, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ రెవెన్యూ కొలువులో ఎక్కగలిగింది అక్కడిదాకానే. పైన ఇంకో నిచ్చెన ఉండేది. దాని కాళ్ళు లండన్‌లో ఉండేవి.

ఈ రెండు నిచ్చెనల సంగతి ఇప్పటి పిల్లలకు వేరే దారిలో ఎదురవుతోంది. ఐక్యరాజ్యసమితి ఉద్యోగ ప్రకటన తెరిస్తే హోదా పక్కన ఒక అక్షరం, ఒక అంకె కనపడతాయి. జి-1 నుంచి జి-7 దాకా జనరల్ సర్వీస్. పి-1 నుంచి పి-5 దాకా ప్రొఫెషనల్. ఆపైన డి-1, డి-2 డైరెక్టర్లు. వాళ్ళ మీద అసిస్టెంట్ సెక్రటరీ జనరల్, అండర్ సెక్రటరీ జనరల్. ప్రపంచ బ్యాంకులో జీఏ, జీబీ అంటూ జంట అక్షరాలు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఏ-1 నుంచి ఏ-15, ఆ మీద బీ శ్రేణి. ఐక్యరాజ్యసమితి లెక్కలో జి అంటే ఆఫీసు ఉన్న ఊళ్ళో తీసుకున్న మనిషి, జీతం ఆ ఊరి ధరను బట్టి. పి అంటే ప్రపంచంలో ఎక్కణ్ణుంచైనా తెచ్చుకున్న మనిషి, జీతం అన్ని దేశాలకూ ఒకే పట్టిక ప్రకారం, దాని మీద ఊరిని బట్టి సర్దుబాటు. జి-7 తర్వాతి మెట్టు పి-1 అనుకుంటే పొరపాటే. అటునుంచి ఇటు రావాలంటే పోటీ పరీక్ష గట్టెక్కాలి. ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళన్నీ కంఠతా వచ్చిన జి-7 మీదికి, నిన్నగాక మొన్న చదువు ముగించిన పి-2 అధికారిగా రావడం అక్కడ వింతేమీ కాదు.

కడప, కర్నూలు సీమకు ఇది పాత కథే. ఆ కథ తెచ్చింది కూడా ఒక విదేశీ సంస్థే.

ఈస్టిండియా కంపెనీ మొదట్లో ఒక అంగడి. అందుకే దాని గ్రేడ్లకూ అంగడి పేర్లే పెట్టుకుంది. అప్రెంటిసు, రైటరు, ఫ్యాక్టరు, జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. రైటరు పని కవిత్వం రాయడం కాదు, ఉత్తరాలకు నకళ్ళు తీయడం, లెక్కలు ఎక్కించడం. అయిదేళ్ళు రైటరుగా గడిపితే ఫ్యాక్టరు, ఇంకో మూడేళ్ళకు జూనియర్ మర్చంటు, మరో మూడేళ్ళకు సీనియర్ మర్చంటు. పనిమంతుడా, మొద్దా అన్నది తర్వాతి మాట. ఏళ్ళు గడవాలి, బతికి ఉండాలి. మద్రాసు ఎండకు, విరేచనాలకు తట్టుకుని బతికి ఉండటమే పెద్ద అర్హత. అలా బతికి బట్టకట్టినవాడు ఎలిహు యేల్. 1672లో రైటరుగా మద్రాసులో దిగాడు, 1687లో గవర్నరయ్యాడు. 1744లో వచ్చిన రాబర్ట్ క్లైవ్ కూడా రైటరే. జీతం ఏడాదికి అయిదు పౌన్లు.

అయిదు పౌన్లతో ఎవడైనా ఎలా బతుకుతాడు? బతకడు. సొంత వ్యాపారం చేసుకుంటాడు, కానుకలు పుచ్చుకుంటాడు. ఆ ఆశతోనే ఓడెక్కుతాడు. ఈ రోత బాగా ముదిరాక, కానుకలు ముట్టనని, ఫలానా వ్యాపారాలు చేయనని కంపెనీ తన కొలువుదార్ల చేత పత్రం రాయించుకోవడం బిగించింది. ఆ పత్రం పేరు కవనెంటు. దాని మీద సంతకం చేసినవాడు కవనెంటెడ్ సర్వెంటు. చేయనివాడు అన్‌కవనెంటెడ్. లంచం ఆపడానికి రాసిన కాగితం కాస్తా జాతులను విడదీసే గీతగా మారింది. సంతకం చేసే భాగ్యం కావాలంటే కంపెనీ డైరెక్టర్లలో ఎవరో ఒకరు పేరు ప్రతిపాదించాలి. అది పొందేవాళ్ళు తెల్లవాళ్ళే.

1793 చార్టర్ చట్టం ఈ నిచ్చెనకు కొలతలు కూడా పెట్టింది. ఏడాదికి 500 పౌన్లు దాటిన పదవి కావాలంటే కవనెంటెడ్ ఉద్యోగిగా ఇండియాలో మూడేళ్ళు ఉండాలి. 1,500 దాటితే ఆరేళ్ళు, 3,000 దాటితే తొమ్మిదేళ్ళు, 4,000 దాటితే పన్నెండేళ్ళు. ఇప్పటి ఉద్యోగ ప్రకటనల్లో ‘కనీసం ఏడేళ్ళ అనుభవం’ అని చదివేవాళ్ళకు ఈ వరస కొత్తగా అనిపించదు.

1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందంతో, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, ఇప్పటి కర్నూలు వైపు చాలా తాలూకాలు అందులో ఉన్నాయి. దత్తమండలాలు అన్న పేరు అలా పడింది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో ఖాయమయ్యేదాకా జనం నోట అదే నడిచింది. కర్నూలు పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం నవాబు చేతిలో ఉండి 1839లో కంపెనీ వశమయ్యాయి. కడప, బళ్ళారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు కలిపి 1858లో కర్నూలు జిల్లా చేశారు.

దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఆయన కింద నలుగురు కలెక్టర్లు. వాళ్ళలో ఆదోని వైపు చూసిన విలియం థాకరే, తర్వాత ఇంగ్లీషు నవలలు రాసిన థాకరేకు పెదతండ్రి. (ఆ నవలాకారుడి ‘వానిటీ ఫెయిర్’లో ఊరి పేరే నవ్వు తెప్పించే ఒక జిల్లాకు కలెక్టరుగా ఉండి వచ్చిన లావుపాటి మనిషి ఒకడున్నాడు. ఇంట్లో విన్న కబుర్లు ఊరికే పోలేదేమో.) విచిత్రం ఏమిటంటే, ఈ పెద్ద సివిల్ పదవిలో కూర్చున్న మన్రో రైటరుగా మొదలైనవాడే కాదు. 1780లో కాల్బలంలో క్యాడెట్‌గా మద్రాసు చేరిన సిపాయి దొర. జనం భాష రాని సివిలియన్ల కంటే, పన్నెండేళ్ళు గుడారాల్లో తిరిగి నాలుగు మాటలు నేర్చుకున్న సైనికుడే రెవెన్యూ పనికి నయమని 1792లో బారామహల్‌లో తేలింది. మద్రాసు సివిలియన్లకు అది ముల్లులా గుచ్చుకుంది. మా నిచ్చెన ఎక్కకుండా మా అటక మీదికెలా వచ్చాడన్నది వాళ్ళ బాధ.

మన్రో పాలెగాళ్ళను అణచిన కథ అందరూ చెబుతారు. అంతకంటే నిలబడిపోయిన పని భూమి కొలత. 1802లో సర్వే మొదలుపెట్టినప్పుడు దత్తమండలాల మొత్తంలో భూమి కొలవడం తెలిసినవాళ్ళు తన కచ్చేరీలో ఉన్న నలుగురు గుమాస్తాలేనని మన్రో రాశాడు. ఆ నలుగురూ మరి కొందరికి నేర్పారు. వాళ్ళు ఇంకొందరికి. చూస్తుండగానే ఒక కొత్త కొలువు పుట్టింది, దానికి మెట్లూ పుట్టాయి. సర్వేయర్లను ముఠాలుగా చేసి ఒక్కో ముఠాకు ఒక హెడ్ సర్వేయరు. వాళ్ళ వెనక పొలం తరం చూసి శిస్తు మదింపు వేసేవాళ్ళు. ఆ మదింపును తిరిగి తనిఖీ చేసేవాళ్ళు. చేతిలో 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు నేల ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. మొదట నెల జీతం ఇచ్చి చూస్తే పని సాగలేదు. దాంతో కొలిచిన ఎకరాలను బట్టి కూలి కట్టారు. ఎకరానికింత అనేసరికి గొలుసులు పరుగెత్తాయి, తప్పులూ పరుగెత్తాయి. అందుకే హెడ్ సర్వేయరు మళ్ళీ కొలిచి చూడాలి, దొంగ లెక్క తేలితే ఉద్యోగం ఊడుతుంది. రాళ్ళ చేలు, నల్లరేగళ్ళు, చెరువు కింది మాగాణులు అన్నీ తిరిగి 1807కు ముగించారు. ఆ ఏడే మన్రో ఇంగ్లండుకు ఓడెక్కాడు. మరుసటేడు దత్తమండలాలు బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయాయి.

కలెక్టరు వస్తాడు, రెండేళ్ళకో మూడేళ్ళకో పోతాడు. శిరస్తాదారు ఉంటాడు.

కచ్చేరీ గుట్టంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. ఈ సీమ కచ్చేరీల్లో లెక్కలు చాలాకాలం మరాఠీలో నడిచాయి. పల్లె నుంచి కరణం లెక్క తెలుగులోనో కన్నడంలోనో వస్తుంది. కచ్చేరీలో అది మరాఠీలోకి మారుతుంది. దొర బల్ల మీదికి ఇంగ్లీషులో వెళుతుంది. మూడు భాషల మీదుగా నడిచే ఆ కాగితం మధ్యలో ఎక్కడ వంగిందో, ఎవరు వంచారో తెలిసినవాడు శిరస్తాదారు ఒక్కడే. జమాబందీలో, అంటే ఏటా శిస్తు ఖాయం చేసేటప్పుడు, ఏ ఊరికి ఎంత మాఫీ, ఏ గుమాస్తాను ఏ తాలూకాకు పంపాలి, ఎవరి అర్జీ దొర చెవిన పడాలి, ఎవరిది కట్ట అడుగున పడాలి, అన్నీ ఆయన కనుసన్నల్లోనే. చేతిలో అంత అధికారం పెట్టుకుని, పైకి వెళ్ళే దారి మూసుకుపోయిన మనిషి ఏం చేస్తాడు? పక్కలకు విస్తరిస్తాడు. బావమరిది గుమాస్తా అవుతాడు, మేనల్లుడు పేష్కారవుతాడు. గుంటూరు కచ్చేరీలో ఇది ఎంతవరకు పోయిందో తేల్చడానికి 1840ల్లో వాల్టర్ ఇలియట్ విచారణ చేయాల్సివచ్చింది. ఆ భోగట్టా ఆధారంగా ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. లంచగొండితనం దేశవాళీ రక్తంలోనే ఉందని ఆనాటి దొరలు రాసుకున్నారు. అయిదు పౌన్ల జీతానికి వచ్చిన క్లైవు సంగతి అప్పటికి మరిచిపోయినట్టున్నారు.

కచ్చేరీలో చేరడానికి పరీక్షలూ ప్రకటనలూ ఉండేవి కావు. ఎవరో ఒక బంధువు చెయ్యి పట్టుకుని వెళ్ళి, మూలన చాప మీద కూర్చుని, జీతం లేకుండా నకళ్ళు రాస్తూ ఉండాలి. ఎవరైనా చచ్చిపోతేనో, బర్తరఫ్ అయితేనో ఆ చోటు దక్కుతుందని ఉమేదు. అలాంటివాళ్ళకు ఉమేదువార్లని పేరు, ఇంగ్లీషులో వాలంటీర్లు. కాశీయాత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య పన్నెండో ఏట మద్రాసు బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో అలా జీతం లేని వాలంటీరుగానే చేరి, చివరికి అక్కడి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యాడు. 1830లో కాశీకి బయలుదేరి కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ సాగాడు. ఆయన అందుకున్న ఆ పదవికి కూడా పేరులోనే హద్దు ఉంది: ఇంటర్‌ప్రెటర్. తీర్పు చెప్పేవాడు కాదు, తీర్పును తెలుగులో వినిపించేవాడు. (జీతం లేని ఉమేదువార్లు ఇప్పటికీ పోలేదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఇంటర్న్‌లకు జీతం ఇవ్వరు.)

ఆ హద్దు ఎంత గట్టిదో కావలి లక్ష్మయ్యకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర చేరి, ఊరూరా గుమాస్తాలను పంపి శాసనాలకు నకళ్ళు తీయించి, కరణాల దగ్గరున్న కవిలెల నుంచి ఊళ్ళ కథలు రాయించారు. కడప, కర్నూలు సీమ కైఫియత్తులు మనకు మిగిలింది ఆ శ్రమ వల్లే. అన్న బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. లక్ష్మయ్య 1821లో మెకంజీ పోయేదాకా పక్కనే ఉన్నాడు. మిగిలిపోయిన పని తాను చేస్తానని ఆయన అర్జీ పెట్టుకుంటే, కలకత్తా ఆసియాటిక్ సొసైటీ తరఫున 1836లో జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయం రాశాడు. దాని సారాంశం: సహాయకుడిగా అయితే పనికొస్తాడు, మొత్తం పనిని నడిపే స్థాయి కాదు. ముప్పై ఏళ్ళకు పైబడిన అనుభవం ఒకవైపు, ఆ ఒక్క వాక్యం ఒకవైపు. అర్జీ తోసిపుచ్చారు. జి-7 కథే. పరీక్ష రాసే వీలైనా లేదు.

ఇదే సీమలో ఎదుటి నిచ్చెన ఎలా ఉండేదో చూడాలంటే కడపకు రావాలి. 1820 ఆగస్టులో కలెక్టరు హాన్బరీ కింద అసిస్టెంటుగా చేరడానికి ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడొకడు కడపలో దిగాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. రైటర్లకు చదువు చెప్పే హైలీబరీ కాలేజీలో, మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో చదువుకుని వచ్చాడు. కుర్రవాడికి అప్పటికి తెలుగు అంతంతమాత్రం. రెవెన్యూ అనుభవం సున్నా. అయినా దిగిన రోజే కచ్చేరీలో నెరిసిన తల శిరస్తాదారు కంటే పెద్దవాడు. నిచ్చెన అంటే అదీ. ఈ కుర్రవాడు మాత్రం ఆ ఎత్తు నుంచి కిందికి చూసి, తనకు రానిది కిందివాళ్ళకు వచ్చునని గుర్తుపట్టాడు. 1826లో మళ్ళీ కడపకు వచ్చి బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు తయారు చేయించాడు. అప్పులపాలయ్యాడు. సర్వీసులో ఆయన తోటివాళ్ళు ఎక్కినంత ఎత్తుకు ఎక్కలేదు. కచ్చేరీ మాటల మీద ఆయనకున్న శ్రద్ధకు 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు సాక్ష్యం. దస్తావేజు, రాజీనామా, జమాబందీ లాంటి అరబ్బీ, పారశీక, మరాఠీ, ఇంగ్లీషు మాటలు తెలుగులో ఎలా ఇమిడిపోయాయో అందులో చూడవచ్చు.

మన్రో గవర్నరై తిరిగొచ్చాక 1824 డిసెంబరు 31న రాసిన మినిట్‌లో ఈ విరిగిన నిచ్చెన గురించే గట్టిగా మాట్లాడాడు. పై పదవుల మీద ఆశే లేకుండా చేస్తే ఏ జాతి అయినా దిగజారుతుందనీ, తక్కువ జీతమిచ్చి నమ్మకస్తులు కాలేదని తిట్టడం అన్యాయమనీ ఆయన వాదన. మరి అధికారం చేతిలో ఉన్నప్పుడు నిచ్చెనలు కలిపాడా? లేదు. కొన్ని మెట్లు పేర్చాడు, అంతే. 1827 జూలై 6న కర్నూలు సీమ పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారని పాత గెజిటీర్లు చెబుతాయి.

అందరికీ ఆ ప్రేమ లేదు. నిచ్చెన బయట మిగిలిపోయినవాళ్ళు కూడా ఉన్నారు కదా. పాలెగాళ్ళను గద్దె దించి పింఛనుదార్లను చేశారు. వాళ్ళ కింద కావలి కాసిన కట్టుబడివాళ్ళ మాన్యాలకు గండం వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చే పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. పైతో సహా లెక్కగట్టిన ఆ అంకెలోనే అవమానం ఉంది. 1846 జూలైలో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఆ గొడవలోనే ఒక తహశీల్దారు హతమయ్యాడు. కడప కలెక్టరు కాక్రేన్ ఎక్కడో బంగళాలో ఉన్నాడు. పల్లెకు కనపడే కంపెనీ మొహం తహశీల్దారుదే, దెబ్బా అతనికే తగిలింది. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీశారు.

కంపెనీ వర్తకం 1833 చార్టర్ చట్టంతో పూర్తిగా మూతబడిపోయింది. మతం, పుట్టుక, రంగు కారణంగా ఎవరికీ పదవి నిరాకరించరాదని అదే చట్టం చెప్పింది. చెప్పడం వరకే. సీనియర్ మర్చంటు వంటి బిరుదులు మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఉద్యోగుల జాబితాల్లో ఉండిపోయాయి. పుట్టి బుద్ధెరిగి మూర బట్ట అమ్మని కలెక్టరుకు కూడా అదే బిరుదు. డిప్యూటీ కలెక్టరు పదవి మనవాళ్ళకు తెరిచాక శిరస్తాదారు మీద ఒక మెట్టు పెరిగింది. 1855లో లండన్‌లో పోటీ పరీక్షలు మొదలై డైరెక్టర్ల సిఫార్సు పోయింది. పరీక్ష రాయడానికి కడప నుంచి లండన్ దాకా వెళ్ళగలిగినవాడెవడు అన్నది వేరే ప్రశ్న.

ఇంకో లండన్ సంస్థ కూడా సరిగ్గా ఈ కడప, కర్నూలు జిల్లాల్లోనే తన నిచ్చెన వేసింది. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి అయిదు శాతం లాభం సర్కారు హామీ. నష్టమొస్తే ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1863 నుంచి 1870 దాకా కాలువ తవ్వించింది. మనం కేసీ కెనాల్ అనే కర్నూలు-కడప కాలువ అదే. పైన ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీర్లు. కింద ఓవర్సీర్లు, మేస్త్రీలు. అట్టడుగున గడ్డపార, తట్ట పట్టినవాళ్ళు. మట్టిపనిలో తవ్విన గుంత నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదులుతారు. సాయంత్రం మేస్త్రీ వచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలిచి కూలి కడతాడు. మనిషికి గ్రేడు లేదు, దిమ్మెకే ఉంది. కాలువకు ఆశించినంత గిరాకీ రాలేదు. నీటి తీరువ ఎక్కువ, నల్లరేగడిలో మెట్టపైర్లు అలవాటైన రైతు వెనకాడాడు. 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది.

కాలువ గట్టు మీద ఇప్పటికీ వినపడే పదవి పేరు ఒకటుంది: లష్కరు. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. అక్కణ్ణుంచి ఓడల్లో పనిచేసే నావికులకు, ఫిరంగులు లాగేవాళ్ళకు ఆ పేరు పాకి, చివరికి నంద్యాల దగ్గర తూము తలుపు ఎత్తే మనిషి దగ్గర ఆగింది. ఊరి చెరువు దగ్గర అదే పని చేసేవాడు నీరుగంటి. ఒకరు సర్కారు పట్టికలో మనిషి, మరొకరు ఊరి మేరల మీద బతికే మనిషి.

ఊరికి అసలు నిచ్చెనే లేదు మరి. రెడ్డి, కరణం, తలారి, వెట్టి, నీరుగంటి, అందరూ పుట్టుకతోనే ఆ చోట్లలో ఉన్నారు. కరణం కొడుకు కరణం, తలారి కొడుకు తలారి. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఆ ఆచారాన్ని పుస్తకంలోకి ఎక్కించింది. కరణం చేతిలో కడితం ఉండేది. బట్టకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసి, మడతలు పెట్టిన పుస్తకం. బేతంచెర్ల వైపు దొరికే మెత్తని రాయి లాంటి బలపంతో దాని మీద రాస్తే తెల్లగా మెరుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. రాసిందీ తుడిచిందీ ఆయనే. ఇరవై ఒక్కేళ్ళ బ్రౌను లాంటివాడు వచ్చి జమాబందీ చేసినా, ఆ కడితం విప్పి చదివేది మాత్రం ఆ ఊళ్ళో ఒక్క ఇంటివాళ్ళు.

ఇక మొదట చెప్పిన పి, జి అక్షరాల సంగతి. 1921లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి తన ఉద్యోగులకు జీతాలు ఎలా ఇవ్వాలని ఆలోచించినప్పుడు, నోబుల్‌మేర్ అనే ఫ్రెంచి సభ్యుడి పేరుతో ఒక సూత్రం కుదిరింది: అన్ని దేశాల్లోనూ ఎక్కువ జీతమిచ్చే సివిల్ సర్వీసు ఏదో చూసి, దానికి తగ్గకుండా ఇవ్వాలి. 1949లో ఫ్లెమింగ్ కమిటీ స్థానిక సిబ్బంది సంగతి తేల్చింది: ఆ ఊళ్ళో మంచి సంస్థలు ఏం ఇస్తున్నాయో అది ఇస్తే చాలు. పి, జి అక్షరాల వెనక ఉన్నది ఈ రెండు సూత్రాలే. మన్రో చూస్తే వెంటనే గుర్తుపట్టేవాడు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టినప్పుడు కూడా అంతర్జాతీయంగా తీసుకున్న సిబ్బంది, జాతీయంగా తీసుకున్న సిబ్బంది అని రెండు వరసలు వచ్చాయి. తేడా ఏమిటంటే, ఇప్పటి పై నిచ్చెన ఎక్కడానికి రంగు అడ్డం కాదు. కడప జిల్లా పాటూరులో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డి 2002లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా వెళ్ళి, మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు గవర్నరుగా తిరిగొచ్చారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుకు ఏ-15, బీ-5 లాంటి మెట్టేమీ ఉండదు. ఆ మెట్ల మీద ఉన్నవాళ్ళ సంస్థను నడిపే బోర్డులో సభ్యుడాయన.

పల్లెలో మార్పు 1984 జనవరిలో వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను ఊడ్చేసింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహశీల్దారు ఎమ్మార్వో అయ్యాడు, కొన్నేళ్ళకు మళ్ళీ తహశీల్దారే అయ్యాడు. పాత తలారుల, వెట్టివాళ్ళ చోట్లలోకి వచ్చిన వీఆర్ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు, పే స్కేలు ఇవ్వమని, అంటే తమకూ నిచ్చెన వేయమని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు.

కరణాలు ఇంటికి వెళ్ళిన రోజున వాళ్ళ పెట్టెలు కూడా ఇంటికే వెళ్ళాయి. సర్కారు లెక్కలు సర్కారు తీసుకుంది గానీ, తాతల నాటి కడితాలు, కవిలెలు, ఉమేదువారుగా కచ్చేరీలో చేరిన ముత్తాత రాసుకున్న అర్జీల నకళ్ళు ప్రొద్దుటూరులోనో, ఆళ్ళగడ్డలోనో, జమ్మలమడుగులోనో అటకల మీద చెదలకు ఆహారమవుతున్నాయి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే కడపలో ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి; తాళపత్రాలు, పాత కాగితాలు అక్కడ భద్రంగా ఉంటాయి. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, వచ్చే వానాకాలం లోపు ఒకసారి దించి చూడండి.